ఇంట్లోనే ఐకిడో నేర్చుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 36 సంవత్సరాలు. కూకట్‌పల్లిలో ఉంటాము. ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికే రాత్రి అవుతోంది కనుక క్లాసుకు వెళ్లే వీలు లేదు. ఆన్‌లైన్ పాఠాలతో ఇంట్లోనే ఐకిడో నేర్చుకోవచ్చా? తోడుగా సాధన చేస్తానని మావారు అంటున్నారు. బెల్టు కూడా వస్తుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఐకిడోలో అడుగులు ఇంట్లో వస్తాయి, పట్లు రావు. జపాన్‌కు చెందిన మొరిహేయి ఉయెషిబా (1883-1969) రూపొందించిన ఈ యుద్ధవిద్యలో ఎదుటివారి దాడికి అడ్డంగా నిలబడకుండా, పక్కకు జరిగి, వారి ఊపుతోనే వారిని పడగొట్టాలి. ఆ ఊపు ఎటు పోతోందో, బరువు ఏ కాలి మీద ఉందో మన మణికట్టు పట్టుకున్న మనిషి చేతి ద్వారానే తెలియాలి గానీ, గురువుగారు తెర మీద ఎంత వివరంగా చూపినా తెలియదు.

అందువల్ల ‘తెన్కాన్’తో మొదలుపెట్టండి. ముందరి పాదం మీద తిరుగుతూ, వెనుక కాలిని గుండ్రంగా వెనక్కి తీసుకుని సగం చుట్టు తిరగడమే తెన్కాన్. కొత్తవారిలో చాలామందికి భుజాలు ముందే తిరిగిపోయి నడుము వెనకబడుతుంది. ఇది తమంతట తాము పట్టుకోలేని తప్పు కాబట్టి, రికార్డు చేసిన పాఠాలకన్నా మిమ్మల్ని చూసి సరిదిద్దే లైవ్ క్లాసునే ఎంచుకోండి. ఐకిడో సాధనలో వాడే ‘జో’ అనే కర్ర సుమారు 128 సెంటీమీటర్లు ఉంటుంది, ఫ్యాను తిరిగే హాలులో దాన్ని ఎత్తకండి, డాబా నయం. కర్రసాము తెలిసిన పెద్దలెవరైనా అక్కడ ఉంటే వంకలు పెడతారు, పట్టించుకోనక్కరలేదు.

అసలు జాగ్రత్త పడటం దగ్గరే. మన ఇళ్లలో నేల టైల్స్‌తోనో గ్రానైట్‌తోనో ఉంటుంది, పరుపేమో కుంగిపోతుంది. గట్టి ఫోమ్ మ్యాట్లు పరచుకోవాలి. వెనక్కి పడటాన్ని గొంతుకూర్చుని మొదలుపెట్టండి: గడ్డం ఛాతీకి ఆనించి, చూపు నడికట్టు ముడి మీద ఉంచి, వీపును గుండ్రంగా చేసి దొర్లితే తల నేలకు తగలదు. ముందుకు దొర్లేటప్పుడు బరువు చేతి మీదుగా భుజానికి, అక్కడి నుంచి వీపు మీద ఏటవాలుగా అవతలి తుంటికి చేరాలి. దీన్ని మాత్రం గురువు ఎదురుగా నేర్చుకున్నాకే ఇంట్లో చేయండి.

మీవారు మణికట్టు పట్టుకుంటే మీరు తెన్కాన్ తిరగవచ్చు, అంతవరకే. మణికట్టును మెలిపెట్టే ‘నిక్యో’, ‘కోతెగాయేషి’ ప్రయత్నించవద్దు. ‘షిహోనాగే’ అనే పడగొట్టే పట్టు కూడా వద్దు. అందులో ఎదుటివారు వెనక్కి పడతారు, పడటం తెలియని మనిషి తల నేలకు కొట్టుకుంటే చాలా ప్రమాదం.

ఇక బెల్టు. టోక్యోలోని ఐకికై అనే ఐకిడో సంస్థ పద్ధతిలో పోటీలు లేవు. క్యూ (నల్ల బెల్టుకు ముందువి), దాన్ (నల్ల బెల్టు, ఆపైవి) అనే స్థాయిలకు పరీక్షలు ఉంటాయి. వాటిలో పరీక్షకుల ఎదుట జోడీతో పట్లు చేసి చూపాలి గనుక ఇంటి సాధన ఒక్కటే సరిపోదు. నెలకు ఒక్క ఆదివారమైనా రానిచ్చే క్లాసు నగరంలో ఉందేమో విచారించి, చేరిన రోజే ముందుగా పడటం నేర్పమని అడగండి.