స్టాఫ్ ఇన్‌ఫెక్షన్లకి ఫేజ్ ఎంజైములు పనిచేస్తాయా?

చాలా యాంటీబయోటిక్స్‌కి లొంగని ఎంఆర్ఎస్ఏ లాంటి మొండి స్టాఫ్ బ్యాక్టీరియాకి ఫేజ్ (బ్యాక్టీరియాను చంపే వైరస్) ఎంజైములు మందుగా పనికొస్తాయా అని అడిగారు. పనికొస్తాయనే నా నమ్మకం. మా అమ్మ మోకాలి మార్పిడి తర్వాత పడ్డ అవస్థ చూసినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతాను.

ఆపరేషనైన కొన్ని నెలలకి మోకాలు వాచి చీము పట్టింది. మొదట చూపించిన చోట ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకి పంపకుండానే యాంటీబయోటిక్ మాత్రలు ఒకటి పోయి ఒకటి మార్చారు. చీము ల్యాబ్‌కి పంపితే రెండు మూడు రోజుల్లో తేలే సంగతి! ఈ అలవాటు మన దగ్గర ఎప్పుడు పోతుందో. చివరికి ఎంఆర్ఎస్ఏ అని తేలింది. వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ డ్రిప్ కాస్త వేగంగా ఎక్కితే చాలు, అమ్మ ముఖం, మెడ ఎర్రబడి ఒకటే దురద. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా నాకు టెన్షన్. ఇంత చేసినా లోపలి ఇంప్లాంట్ (కృత్రిమ కీలు) తీసేయక తప్పలేదు. రాత్రిపూట బాత్రూంకి వెళ్ళాలంటే నన్ను లేపడానికి మొహమాటపడి, అమ్మ సాయంత్రం నుంచే మంచినీళ్ళు మానేసేది.

లోహం మీద స్టాఫ్ బయోఫిల్మ్ (జిగురు పొర) కట్టుకుందంటే లోపలి క్రిములు ఎదుగుదల ఆపి పడుంటాయి. వాంకోమైసిన్ ప్రధానంగా ఎదిగే క్రిముల మీదే పనిచేస్తుంది. ఎండోలైసిన్ అనే ఫేజ్ ఎంజైము అలా కాదు. ఫేజ్ పిల్లలు బయటపడటానికి బ్యాక్టీరియా గోడను కోసే ఎంజైము అది. స్టాఫ్‌కి గోడ మీద అడ్డుపొర లేదు కాబట్టి బయటినుంచి ఇచ్చినా కోసేస్తుంది.

ఎక్సెబకేస్ అనే ఇలాంటి ఎంజైముని రక్తంలో స్టాఫ్ చేరినవాళ్ళకి మామూలు యాంటీబయోటిక్స్‌తో కలిపి ఒక్క డోసు ఇచ్చి చూశారు. 2020లో వచ్చిన రెండో దశ ఫలితాల్లో, ఎంఆర్ఎస్ఏ రోగుల్లో 14వ రోజుకి 74 శాతం మందికి గుణం కనిపించింది. ఎంజైము ఇవ్వనివాళ్ళలో అది 31 శాతమే. కానీ మూడో దశలో లాభం కనిపించేలా లేదని 2022లో ట్రయల్ ఆపేశారు, 2023 చివర్లో దాన్ని తయారుచేసిన కంపెనీ దివాలా తీసింది. దాంతో ఎంజైములే దండగ అని తేల్చేస్తుంటే నాకు కడుపు మండిపోతుంది. రక్తంలోకి ఒక్క డోసు ఇచ్చి ఆగిపోతే ఎలా? ఫ్రాన్స్‌లో లియోన్ డాక్టర్లు స్టాఫ్‌లోనే మరో రకమైన స్టాఫ్ ఎపిడెర్మిడిస్ పట్టిన కృత్రిమ మోకాళ్ళలోకే ఎక్సెబకేస్ ఎక్కించారు. నలుగురు రోగులే, నిజమే. అయినా దారి అదేనని నా అభిప్రాయం.

మన బెంగళూరులోనే గంగాజెన్ కంపెనీ స్టాఫ్ కోసం పీ128 అనే ఫేజ్ ఎంజైము తయారుచేసింది. ఐసీఎంఆర్ ముందుకొచ్చి, చీము పట్టిన ఇంప్లాంట్ల మీద ఇలాంటి ఎంజైములకి ఒక పెద్ద ట్రయల్ పెట్టించాలి. మోకాలి మార్పిళ్ళు ఊరూరా జరుగుతున్న ఈ రోజుల్లో రోగులకి కొరతేం లేదు.