చెయ్యి పెట్టి చూడకు బిడ్డా

బిడ్డా,

చౌటుప్పల్ దగ్గర దండు మల్కాపురం పార్కులో షెడ్డు తీసుకుంటున్నావని, యాక్సిడెంట్ల కాడ ఆయిల్ ప్రెజర్‌తో కార్లు కోసే కటర్లు, నుజ్జయిన తలుపులు విప్పదీసే స్ప్రెడర్లు తయారు చేస్తావని మీ నాయన రాత్రి ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో సగం గర్వం, సగం భయం. నాకూ అంతే, నిద్ర పట్టలేదు. పొడుగు మెసేజ్ అని తిట్టుకోకుండా చదువు.

లోను, జీఎస్టీ నీకే బాగా తెలుసు. ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు చవకవి కొనకు. పాత అంబాసిడర్‌ను కోసి వీడియో తీసుకుని మురిసిపోకు, ఇప్పటి కార్ల నడిమి పిల్లర్లలో చాలా గట్టిదైన బోరాన్ స్టీలు వస్తోంది, దాని మీద పెట్టి చూడు. ఈ టూల్స్‌కు ఉన్న యూరప్ స్టాండర్డు ఈఎన్ 13204 ముందర పెట్టుకునే డ్రాయింగు గీయి. హ్యాండిల్ వదిలేస్తే టూల్ దవడలు ఉన్నచోటే ఆగాలి, లోపల మనిషి ఇరుక్కుని ఉంటాడు.

ఇక అసలు సంగతి. నల్లగొండ షాపులో మనం బోరు బండ్ల హైడ్రాలిక్ పని చేసే రోజుల్లో ఒక పిల్లాడు ఉండేవాడు, నిన్ను లూనా ముందర నిలబెట్టుకుని గడియారం సెంటర్ దాకా తిప్పేవాడు. ఒకరోజు రిగ్‌కు ఆయిల్ పోయే హోస్ పైపు మీద ఆయిల్ చెమ్మ కనబడింది, ఎక్కణ్నుంచో అర్థం కాలేదు. ఇంజన్ ఆపకుండానే "చెయ్యి పెట్టి తడుముతూ పోరా" అన్నది నేనే. నేను నేర్చుకున్నదీ అట్లనే. వాడు చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. చూపుడువేలి కొసన తుమ్మముల్లు దిగినంత చుక్క, రక్తం కూడా రాలేదు. పసుపు పెట్టుకొమ్మని చాయ్ తెప్పించా. రాత్రికి వేలు వంకాయంత అయింది. చూపించిన చోట కూడా ముల్లే అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. మూడోరోజు హైదరాబాద్ తీసుకుపోతే, సన్న బెజ్జంలోంచి దూకిన ఆయిల్ తోలు చీల్చుకుని అరచేతి దాకా పాకిందన్నారు, ఆరోజే తెస్తే కోసి కడిగేవాళ్లమన్నారు. వేలు తీసేశారు.

అప్పుడు ఆ హోస్‌లో ఉన్న ప్రెజర్ 200 బార్ లోపే. నీ టూల్స్‌లో 700 ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండుకు కాస్త ఎక్కువ, అంతే.

లీకు వెతకాలంటే ముందు ప్రెజర్ దింపు. తప్పదంటే కళ్లద్దాలు పెట్టుకుని, పొడుగు కర్రకు అట్టముక్క కట్టి ఆడించు. చిన్న చుక్క పడినా, నొప్పి లేదన్నా వినకు, అప్పుడే సర్జన్ దగ్గరికి తీసుకుపోయి "ప్రెజర్ ఆయిల్ లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పు. గోడ మీద హిందీలో కూడా రాయించు, నీ దగ్గరికి బీహార్ పిల్లలే ఎక్కువ వస్తారు. నువ్వైతే మరీ జాగ్రత్త, చిన్నప్పుడు తిరిగే ఫ్యాన్‌లో వేలు పెట్టబోయిన దానివి.

వాడిప్పుడు మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఉన్నాడు. మొన్న ఒక పెళ్లిలో కనబడి "సేటూ, బిడ్డ ఏం చేస్తోంది" అని నీ గురించే అడిగాడు. షెడ్డు పూజకు వాడిని పిలువు. నెంబరు పంపుతా, ఫోన్ మాత్రం నువ్వే చెయ్, నాకు నోరు రాదు.

మీ పెద్దనాయన