క్వాలిటీ ఉద్యోగమంటే ఫైళ్లు సర్దడమేనా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి ఏడాదిగా అమలాపురంలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఎంహెచ్‌ఏ (ఆసుపత్రి నిర్వహణలో పీజీ) చదువుతానంటోంది. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే గుర్తింపు) వచ్చాక మేనేజర్ ఉద్యోగాలు పెరిగాయని, మూడు నెలల క్వాలిటీ కోర్సు చాలని తెలిసినవాళ్లు అంటున్నారు. కొబ్బరితోట మీద అప్పు తేవడానికైనా సిద్ధమే. ఎంబీబీఎస్ సీటు ఎలాగూ రాలేదు, కనీసం ఇందులోనైనా నిలబడాలి. ఏది మేలు?

జవాబు: ముందు ఆ ‘కనీసం’ అనే మాట మానేయండి. ఏడాదిగా నైట్ డ్యూటీలు చేస్తున్న పిల్ల ఇంటికొస్తే వినాల్సిన మాట కాదండి అది. ఇంత చదివించాక ఏ మూలో ఫైళ్లు సర్దుతూ ఉండిపోతుందేమోనన్నదే మీ అసలు బెంగ. అది ఉత్త భయం కాదు.

ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఆసుపత్రి తనంతట తాను కోరి తెచ్చుకునేది. దాని ప్రమాణాల్లో యాజమాన్యం బాధ్యతలకే ఒక అధ్యాయం ఉంది. మన వైపు చాలా నర్సింగ్ హోముల్లో డాక్టరుగారే యజమాని, ఆయన నోటిమాటే రూలు. గుర్తింపు కావాలంటే ఎవరి బాధ్యత ఏమిటో రాతలో ఉండాలి. ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చినా, రోగి మంచం మీంచి పడినా నమోదు చేసి కారణం వెతకాలి, దిద్దుబాటు జరిగిందో లేదో పైవాళ్లు చూడాలి. నర్సు చెప్పిన లోపానికి యజమాని జవాబు చెప్పాల్సి రావడం చిన్న మార్పు కాదు.

అయితే తనిఖీకి ముందు కూర్చుని పాత రిజిస్టర్లు నింపించే ఆసుపత్రులూ ఉన్నాయి. అక్కడ క్వాలిటీ మేనేజరుకు హోదా ఉంటుంది, అధికారం ఉండదు. మూడు నెలల సర్టిఫికెట్ల మీద నాకు నమ్మకం లేనిది ఇందుకే. వాటిలో ప్రమాణాలు వల్లె వేయిస్తారు. చేతులు కడుక్కోకుండా ఐసీయూలోకి వచ్చిన పెద్ద సర్జన్‌ని ఆపి చెప్పే ధైర్యం మాత్రం వార్డులో పనిచేస్తేనే వస్తుంది. మీ అమ్మాయికి ఆ పునాది పడింది. ఆ కోర్సు అమ్మేవాళ్ల దగ్గర లేనిది ఆమె దగ్గర ఉంది.

ఎంహెచ్‌ఏ మంచిదే, కానీ ఇప్పుడే వద్దు. కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేరి, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు పని అడిగి మరీ తీసుకోమనండి. రెండేళ్లు చేశాక ఆ చదువు ఒంటబడుతుంది, తోట మీద అప్పూ తప్పుతుంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఎన్‌క్యూఏఎస్ అనే జాతీయ నాణ్యతా ప్రమాణాలున్నాయి కాబట్టి ఈ అనుభవం అటూ పనికొస్తుంది.

ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు ఒకటి అడగమనండి: క్వాలిటీ విభాగం ఎవరికి రిపోర్టు చేస్తుంది? మెడికల్ సూపరింటెండెంటుకో, మేనేజింగ్ డైరెక్టరుకో అంటే చేరవచ్చు. మార్కెటింగ్‌కు అంటే వద్దు.