కాలువ గట్టు మీద కారు నడిపే మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మావయ్య ఆశీస్సులు. ఇక్కడ మేం బాగున్నాం. మీ అత్తకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది.

మొన్న ఆదివారం పొద్దున్న కొత్త కారులో మమ్మల్ని కొత్తపేట నుంచి ఇంటికి దింపావు కదా. నడపడం నీకు బాగానే వచ్చింది. క్లచ్చు మీద కాలు ఊరికే పెట్టుకుని కూర్చోవు, గేరు మార్చేటప్పుడు కుదుపు లేదు. ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టినవాణ్ణి, మొహమాటానికి చెప్పడం లేదు. కానీ ఒకచోట నా గుండె జారింది. అల్లుడుగారి ముందు అనడం బాగోదని ఊరుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

కాలువ గట్టు ఎక్కాక మంచు కమ్మింది గుర్తుందా? చలిగా ఉందని మీ అత్త ఏసీ ఆపించింది, అద్దాలన్నీ ఎత్తించింది. అందరం ఊపిరి వదులుతుంటే ముందు అద్దం లోపలివైపు తెల్లగా మసకబారింది. నువ్వు ఎడమ చేత్తో కర్చీఫు తీసి తుడవడం మొదలుపెట్టావు. అది చాలక తల వంచి బటన్ల కోసం వెతికావు. అటు కాలువ, ఇటు పొలాలకి నీళ్ళు పారే బోదె, మధ్యలో ఒక లారీ పట్టేంత రోడ్డు. నువ్వు తల వంచింది రెండు సెకన్లే అనుకో. నలభై మీద వెళ్తున్న కారు ఆ రెండు సెకన్లలో ఇరవై రెండు మీటర్లు పోతుంది. మన పెంకుటింటి వీధి గుమ్మం నుంచి పెరటి నుయ్యి దాకా కూడా అంత దూరం ఉండదు.

ముందు ఆ అద్దం సంగతి చెప్తాను. ఏసీ అంటే చల్లదనానికే అనుకుంటాం. అది గాల్లో తేమను కూడా పిండేస్తుంది. ఎండాకాలం కారు ఆపాక కింద బొట్లు బొట్లుగా నీళ్ళు కారతాయి చూశావా, అవి అలా పిండిన నీళ్ళే. కాబట్టి లోపల అద్దం మసకేస్తే ఏసీ ఆపకూడదు, వెయ్యాలి. చలేస్తే వేడి వైపు తిప్పుకో, రెండూ కలిసి పనిచేస్తాయి. గాలిని ముందు అద్దం మీదికి మళ్ళించు. అన్నిటికన్నా ముఖ్యం, కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరిగినట్టు ఉండే బటన్ ఉంది కదా, అది ఆపెయ్. అది వేసి ఉంటే లోపలి గాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, మన ఊపిరిలో తేమ ఎటూ పోదు. నీ కారులో నిలువు గీతలు వంకర్లు తిరిగిన అద్దం బొమ్మ బటన్ ఒకటుంది. చాలా కార్లలో అది నొక్కితే ఇవన్నీ అదే చేసుకుంటుంది. మసక ఒకటి రెండు నిమిషాల్లో విడిపోతుంది. అప్పటిదాకా ఆగే చోటు చూసుకుని ఆగాలి, అంతేగాని తుడుచుకుంటూ నడపకూడదు.

వానాకాలం రాత్రుళ్ళు దీనికి తలకిందులుగా జరుగుతుంది. బయట ఉక్క, లోపల ఏసీ జోరు. అద్దం చల్లబడి బయటివైపు మసకేస్తుంది. లోపల ఎంత తుడిచినా పోదు. అప్పుడు వైపరు ఒక్కసారి వేసి, గాలిని అద్దం మీద నుంచి తప్పించి, చల్లదనం తగ్గించు. మన కోనసీమలో తేమ ఎక్కువ కాబట్టి ఈ రెండో రకం ఇక్కడివాళ్ళకి బాగా ఎదురవుతుంది. లోపలా బయటా అన్నది తేలాలంటే అద్దం మీద వేలితో గీసి చూడు.

ఇంకోటి, మంచులో ఆ ఎర్ర త్రికోణం బటన్ నొక్కి నాలుగు ఇండికేటర్లూ వేశావు. అందరూ వేస్తున్నారు, నువ్వూ వేశావు. అది ఆగిపోయిన బండికి. నడుస్తున్న బండికి వేస్తే వెనకవాడు నువ్వు ఆగావనుకుంటాడు. పైగా నువ్వు ఎటు తిరగబోతున్నావో చెప్పే దారి ఉండదు. మంచులో లైటు డిమ్‌లో ఉండాలి. బ్రైట్ వేస్తే ఆ వెలుగు మంచుకి తగిలి మన కళ్ళలోనే పడుతుంది.

నా అంబాసిడర్‌లో స్విచ్‌లు లెక్కపెడితే ఒక చేతి వేళ్ళకి సరిపోయేవి. మీ కారులో సగం సామాను ఆ టీవీ లాంటి తెర లోపల ఉంది. తడిమితే చేతికి దొరికేదేమీ లేదు. అందుకని నువ్వు చెయ్యాల్సింది ఒకటే. కారు వాకిట్లో ఆపి, ఇంజిన్ ఆపి, కళ్ళు మూసుకుని కూర్చో. వైపరు ఏది, లైటు డిమ్ ఏది, అద్దం మసక బటన్ ఏది, నాలుగు ఇండికేటర్ల బటన్ ఏది, డ్రైవరు తలుపు మీద అద్దాల తాళం ఏది, నీ చెయ్యి దానంతట అది వెళ్ళాలి. తెర లోపల ఉన్నవి, పాటలు, మ్యాపు, ఏసీ ఎంతలో ఉండాలో అన్నీ బయల్దేరకముందే పెట్టుకో. దారిలో మార్చాలనిపిస్తే పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పు. అల్లుడుగారు ఫోను చూసుకునే బదులు ఆ పని చేస్తారు.

ఇక సీటు. నువ్వు స్టీరింగుని కావలించుకున్నట్టు కూర్చుంటున్నావు. పొట్టిదాన్ని, బానెట్ కనపడదు మావయ్యా అంటావని తెలుసు. స్టీరింగు మధ్యలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. కనురెప్ప వేసేలోపు పేలి విచ్చుకుంటుంది. నీ రొమ్ము ఎముకకీ దానికీ మధ్య కనీసం ఇరవై అయిదు సెంటీమీటర్లు ఉండాలి. ఒక జానెడు పెట్టి, పైన నాలుగు వేళ్ళు కలుపుకో. సీటు ఎత్తు పెంచే పిడి ఎడంగానో కుడిగానో ఉంటుంది, దాంతో పైకి ఎత్తుకుని, సీటు కాస్త వెనక్కి జరుపుకో. దిండు వేసుకోవద్దు, గట్టిగా బ్రేకు పడితే మనిషితో సహా జారుతుంది. సీటు, స్టీరింగు, అద్దాలు సరిచేసుకునేది ఆగి ఉన్నప్పుడే. నడుస్తుండగా సీటు జరిపే పిడి ఎత్తితే, సీటు వెనక్కి జారి నీ కాలికి బ్రేకు అందదు.

బెల్టు గురించి మీ అమ్మతో నేను చెప్తే వినదు, నువ్వు చెప్పు. చీర కుచ్చిళ్ళు నలుగుతాయని పై బెల్టు చంక కింద నుంచి తీసి పెట్టుకుంటోంది. గుద్దుకున్నప్పుడు ఆ బెల్టు పక్కటెముకల మీద పడుతుంది. భుజం ఎముక మీద నుంచి రావాలి, కింద పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండాలి. అల్లుడుగారు సీటు పూర్తిగా వాల్చి పడుకున్నారు. అలా పడుకుంటే బెల్టు ఒంటికి ఆనదు, మనిషి దాని కిందనుంచి ముందుకి జారిపోతాడు. నిద్ర వస్తే కూర్చునే పోవాలి. కారుల సామాను కొట్లలో బెల్టు కూత రాకుండా ఆపే చిన్న ఇనప బిళ్ళ అమ్ముతారు. వాటిని ఆన్‌లైన్‌లో అమ్మకుండా 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశాలిచ్చింది. నీ కారులో ఎవరైనా పెడితే తీసి కాలువలో పారెయ్. వెనక సీటువాళ్ళకి బెల్టు ఎందుకు అనేవాళ్ళకి వెయ్యి రూపాయల జరిమానా ఉందని చెప్పు. ప్రాణం సంగతి చెప్తే విననివాళ్ళు కూడా వెయ్యి రూపాయలంటే వింటారు.

డాష్‌బోర్డు మీద నువ్వు అతికించిన విగ్రహం చూశాను. దణ్ణం పెట్టుకున్నాను కూడా. కానీ అది సరిగ్గా పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ మూత మీద ఉంది. అది పేలితే స్వామి నేరుగా అల్లుడుగారి మొహం మీదికి వస్తాడు. చిన్న పటం ఏదైనా ఆ మూతకి దూరంగా, మధ్యలో అతికించు. సీటు కవర్లు కూడా చూసుకో. నీ కారుకి సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంది. బిగుతు కవరు కుట్టించేస్తే అది విచ్చుకోలేదు.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్తాను. మీ పెద్ద బావ పెళ్ళికి కొబ్బరికాయలు తెస్తున్నాను. డిక్కీ నిండిపోతే ఒక పాతిక కాయలు వెనక సీటు కింద పడేశాను. రావులపాలెం దాటాక ఒక గేదె అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. సగం దిగి ఆగింది, ఇక దిగదు. కాలు ఇంకా గట్టిగా తొక్కుతున్నా పెడలు రాయిలా ఉంది. ఏం జరిగిందో అప్పుడు తెలీలేదు. హ్యాండుబ్రేకు లాగి, గేరు తగ్గించి, గేదె తోకని రాసుకుంటూ ఆపాను. దిగి చూస్తే ఒక కాయ సీటు కిందనుంచి దొర్లుకుంటూ వచ్చి బ్రేకు పెడలు వెనకాల కూర్చుంది. పీచు తీసిన కాయ, మూడు కళ్ళతో నావైపే చూస్తోంది. మీ అత్తకి ఈ కథ ఇప్పటిదాకా తెలీదు. నీ కారులో ఆ చోట నీళ్ళ సీసా ఉంది, నేను చూశాను. మ్యాటు మీద మ్యాటు కూడా వేశావు. పైది జారి యాక్సిలరేటరు మీద పడుతుంది. ఒకటే ఉంచు, దాన్ని కొక్కేలకి తగిలించు.

పిల్లాడు వెనక కూర్చున్నాడు కదా. తలుపు అంచున చిన్న పిల్లల తాళం ఉంటుంది, తలుపు తీస్తేనే కనపడుతుంది. అది వేస్తే లోపలినుంచి తలుపు రాదు. నీ తలుపు మీద ఉన్న బటన్‌తో వెనక అద్దాలు కూడా కట్టెయ్. వాడు తల బయటికి పెట్టినప్పుడు ఎవరి చెయ్యో స్విచ్ మీద పడుతుంది. అద్దం దేనికైనా తగిలితే తనంతట కిందికి దిగే ఏర్పాటు చాలా కార్లలో డ్రైవరు అద్దానికే ఉంటుంది, మిగతావాటికి ఉండదు. ఆత్రేయపురంలో పూతరేకులు కొనడానికి రెండు నిమిషాలే కదా అని వాణ్ణి కారులో వదిలి దిగకు. మే నెల ఎండలో మూసిన కారు నిమిషాల్లోనే కాగిపోతుంది. పైగా ఆ తాళంచెవి లేకుండా బటన్‌తో స్టార్టయ్యే కార్లలో చెవి లోపలే ఉంటే వాడు పెడలు మీద కాలేసి బటన్ నొక్కితే చాలు.

సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వస్తారు కదా. రాత్రి ఆలస్యమైతే ఇంజిన్ వేసి, అద్దాలెత్తి, ఏసీలో కునుకు తియ్యకండి. పొగలోని విషవాయువు లోపలికి చేరినా వాసన రాదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మా ఇంట్లో మంచాలున్నాయి.

ఇక మన గోదారి జిల్లావాళ్ళు అందరూ తెలుసుకోవాల్సింది, ఎవరూ నోటితో అనడానికి ఇష్టపడనిది. కారు కాలువలో పడితే ఏం చెయ్యాలి? యెదుర్లంక వంతెన లేని రోజుల్లో యానాం వెళ్ళాలంటే కారుని గోదారి దాటించే పంటు ఎక్కించేవాళ్ళం. పంటు మనిషి ముందు రెండు మాటలు అనేవాడు. "ఆయ్, అద్దాలు దించండి, మనుషులు దిగిపొండి." కారు లోపల ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. నర్సాపురం, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే నువ్వూ అదే చెయ్యి. హ్యాండుబ్రేకు వేసి, గేరులో పెట్టి, దిగి నిలబడు.

పడిన కారు వెంటనే మునగదు. కాసేపు తేలుతుంది. నీకున్న సమయం అదే. ఫోను తియ్యకు. బెల్టు విప్పు, అద్దం దించు, పిల్లాణ్ణి ముందు బయటికి తొయ్యి, నువ్వు రా. తలుపు తియ్యాలని చూడకు. నీళ్ళు బయటినుంచి తోస్తుంటే పహిల్వాను తోసినా రాదు, వచ్చినా నీళ్ళన్నీ లోపలికి దూకుతాయి. కరెంటు అద్దాలు నీళ్ళు తగిలాక కాసేపే పనిచేస్తాయి, అందుకే మొదటి క్షణమే దించాలి. దిగకపోతే పక్క అద్దాన్ని ఒక మూల కొట్టాలి. ముందు అద్దం జోలికి పోకు, దాని మధ్యలో పొర ఉంటుంది, చిట్లుతుంది గాని విడిపోదు. దీనికోసం మొన ఉన్న చిన్న సుత్తి దొరుకుతుంది, రెండో వైపు బెల్టు కోసే బ్లేడు ఉంటుంది. డిక్కీలో పెడితే పెట్టనట్టే. నీ తలుపు జేబులో పెట్టుకో. ఇది రాస్తుంటే నాకే చెయ్యి వణికింది, నువ్వు చదివేసి పక్కన పెట్టు, కానీ అల్లుడుగారి చేత కూడా చదివించు.

డాష్‌బోర్డు మీద వెలిగే బొమ్మల గురించి ఎక్కువ చెప్పను. పసుపైతే మెకానిక్ దగ్గరికి వెళ్ళేదాకా ఆగొచ్చు. ఎర్రటి నూనె చెంబు బొమ్మో, వేడి బొమ్మో వెలిగితే అక్కడికక్కడే ఆపి ఇంజిన్ కట్టెయ్. ఇంటిదాకా వెళ్ళిపోదాంలే అనుకుంటే ఇంజిన్ పోతుంది.

వచ్చే ఆదివారం పొద్దున్నే రండి. వాకిట్లో కారు ఆపి నీ కళ్ళకి మీ అత్త తువ్వాలు కట్టి, నేను ఒక్కో బటన్ పేరు చెప్తాను, నువ్వు చూపించాలి. తప్పితే పనసపొట్టు కూర ఉండదు. మీకు ఇవ్వడానికి యాభై కాయలు ఒలిపించి ఉంచాను. ఈసారి అన్నీ డిక్కీలోనే, గోతాంలో, మూతి తాడుతో కట్టి.

ఇట్లు,
మీ మావయ్య