సౌర తుఫాను ఉంటే గర్భిణి విమానం ఎక్కకూడదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. ఇప్పుడు ఐదో నెల. శ్రీమంతానికి గుంటూరు వస్తానంటోంది. ఈలోగా మా వియ్యపురాలు గారు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపారు. సూర్యుడి మీద తుఫాన్లు రేగి కాస్మిక్ కిరణాలు భూమ్మీద పడుతున్నాయట, రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఫోన్లు ఆపెయ్యాలట. విమానంలో అయితే కడుపులో బిడ్డకి మరీ ప్రమాదమట. ప్రయాణం మానిపించమంటారా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

సలహా: అక్కర్లేదమ్మా, రానివ్వండి. ఆ ఫోన్ల మెసేజ్ చాలా ఏళ్లుగా తిరుగుతోంది, టైము కూడా మారలేదు. నాకు మా బావమరిదే రెండుసార్లు పంపాడు.

అసలు సంగతి దానికి తలకిందులు. కాస్మిక్ కిరణాలంటే అంతరిక్షం నుంచి మహావేగంతో దూసుకొచ్చే అతి చిన్న కణాలు. వాటిలో చాలావరకు సూర్యుడివి కావు, సౌరకుటుంబం బయటి నుంచి వస్తాయి. సూర్యుడి నుంచి వీచే సౌరగాలి తన అయస్కాంత క్షేత్రంతో వాటిని నెట్టేస్తుంది. కృష్ణ నిండుగా పారేటప్పుడు హంసలదీవి దగ్గర ఉప్పునీరు ఏటిలోకి రాలేదు, ఏరు సన్నబడితే ఎగదన్నుకొస్తుంది. ఇదీ అలాంటిదే. సుమారు 11 ఏళ్లకోసారి సూర్యుడు బాగా చెలరేగుతాడు, అప్పుడే మనకు చేరే కాస్మిక్ కిరణాలు తగ్గుతాయి. ఈసారి సూర్యుడు ఆ గరిష్ఠ దశకు చేరాడని 2024 అక్టోబరులో ప్రకటించారు. పెద్ద సౌర తుఫాను భూమిని తాకినప్పుడైతే కొన్ని రోజులపాటు ఇంకాస్త పడిపోతాయి. దీన్ని 1930ల్లో కనిపెట్టిన స్కాట్ ఫోర్‌బుష్ పేరుతోనే పిలుస్తారు.

ఒక్క మినహాయింపు ఉంది. అరుదుగా సూర్యుడే ప్రోటాన్లనే కణాలను బలంగా విసురుతాడు. అప్పుడు ధ్రువాల దగ్గర, ఎత్తున ఎగిరే విమానాల్లో రేడియేషన్ కొన్ని గంటలు పెరగొచ్చు. అలాంటప్పుడు విమానాలను తక్కువ ఎత్తులో నడపడమో, దారి మళ్లించడమో చేస్తారు. భూమధ్యరేఖకు దగ్గరున్న మన గుంటూరుకి భూమి అయస్కాంత క్షేత్రమే గట్టి గొడుగు.

ఇక లెక్క. ఒంటికి తగిలే రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. అమెరికా నుంచి ఇక్కడికి రానూపోనూ కలిపి సుమారు 0.2 మిల్లీసీవర్ట్‌లు అనుకోండి. ఇంట్లో కూర్చున్నా ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 పడుతుంది. గర్భిణులైన విమాన సిబ్బంది విషయంలో కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని అంతర్జాతీయ సిఫార్సు. అమ్మాయి వారం వారం విమానం ఎక్కే ఉద్యోగం చేస్తుంటే వేరే మాట చెప్పేవాణ్ని.

రేడియాలజిస్టుని అయినా, నాకు భయం రేడియేషన్ కాదు, కాళ్లు. గర్భిణి గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. నడవా పక్క సీటు తీసుకోమనండి. గంటా రెండు గంటలకోసారి లేచి నడవాలి, నీళ్లు తాగుతుండాలి. కాళ్లకు బిగుతు మేజోళ్లు వేసుకోవాలా అన్నది వాళ్ల గైనకాలజిస్టును అడగాలి. ఇంతకుముందు గడ్డకట్టిన చరిత్ర ఉన్నా, రక్తస్రావం అవుతున్నా, బీపీ ఎక్కువున్నా ఆ డాక్టర్ సరేనన్నాకే టికెట్.

శ్రీమంతం ఏడో నెలలో అనుకుంటున్నారా? 28 వారాలు దాటితే చాలా విమాన సంస్థలు డాక్టర్ ఉత్తరం అడుగుతాయి. 36 దాటాక సాధారణంగా ఎక్కించుకోరు. పురుడు ఇక్కడా అక్కడా అన్నది తేల్చుకుని, ఆ తర్వాతే పంతులు గారి చేత ముహూర్తం పెట్టించండి.
– రేడియాలజిస్ట్, విజయవాడ