తగ్గినట్లే తగ్గి తిరగబెట్టే తెల్లబట్ట గురించి

పర్లాకిమిడి నుండి వ్రాసిన సోదరికి నమస్కారం. తెల్లబట్ట, దురద మొదలైనప్పుడల్లా పాతపట్నం మందుల దుకాణంలో క్లోట్రిమజోల్ కొని వాడుతున్నాననీ, తగ్గినట్లే తగ్గి తిరగబెడుతోందనీ, ఈసారి చేపల వాసన కూడా వస్తోందనీ మీరు వ్రాశారు. ఆ వాసనే ముఖ్యమైన సూచన.

క్లోట్రిమజోల్ ప్రధానంగా క్యాండిడా అనే శిలీంధ్రం మీద పనిచేస్తుంది. అందులో స్రావం విరిగిన పెరుగులా ఉండి దురద పెడుతుందే తప్ప సాధారణంగా వాసన ఉండదు. పల్చగా, బూడిద రంగులో, చేపల వాసనతో ఉంటే అది చాలావరకు బ్యాక్టీరియల్ వెజినోసిస్ (యోనిలో బ్యాక్టీరియా సమతుల్యం చెడటం), దానికి మెట్రోనిడజోల్ వంటి వేరే మందు కావాలి. పసుపుపచ్చగా నురగతో ఉంటే ట్రైకోమోనాస్ అనే, కలయిక ద్వారా సోకే పరాన్నజీవి కావచ్చు. అప్పుడు మీ వారికి కూడా చికిత్స జరగకపోతే మళ్ళీ సోకుతుంది.

కనుక ఈసారి జిల్లా ఆసుపత్రిలో చూపించుకోండి. వాడిన ట్యూబును వెంట తీసుకువెళ్ళి, చివరి నెలసరి తేదీ కూడా చెప్పండి. స్రావం పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత) 4.5 దాటితే క్యాండిడా కంటే మిగిలిన రెండింటినే ఎక్కువగా అనుమానిస్తారు. పదే పదే వస్తోంది కాబట్టి, మధుమేహం ఉందేమో తెలియడానికి రక్తంలో చక్కెర పరీక్ష తప్పక అడగండి. సుఖవ్యాధులకు, జననాంగ ఇన్‌ఫెక్షన్లకు చికిత్స చేసే ప్రభుత్వ సురక్షా క్లినిక్‌లలో ఇందుకు సెక్నిడజోల్ (మెట్రోనిడజోల్ వంటిదే), ఫ్లూకోనజోల్ (శిలీంధ్రానికి మాత్ర) ఉన్న ఆకుపచ్చ కిట్ ఉచితంగా ఇస్తారు. గర్భం ఉందన్న అనుమానం ఉంటే ముందే చెప్పాలి, ఎందుకంటే అప్పుడు ఫ్లూకోనజోల్ మాత్ర వాడరు.

సబ్బుతో, యాంటీసెప్టిక్‌తో లోపల కడగడం దయచేసి మానండి, మేలు చేసే లాక్టోబాసిల్లస్ క్రిములు నశిస్తాయి. జ్వరం, పొత్తికడుపు నొప్పి, కలయిక తర్వాత రక్తం కనిపిస్తే ఆ రోజే వెళ్ళండి.