‘అంట’ ఎక్కడ పోయింది?

కర్నూలు

నాయనా,

2014లో కనిపించకుండా పోయిన మలేషియా విమానం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండు విడతలుగా చదివాను. మొదటిసారి రాత్రి, మిద్దె మీద పడుకుని. రెండోసారి పొద్దున్నే, పెన్సిల్ చేతిలో పెట్టుకుని. రాత్రి చదివినప్పుడు భలే రాశాడే అనుకున్నాను. పొద్దున చదివితే భయమేసింది.

ఎక్కడి కౌలాలంపూర్, ఎక్కడి ఆత్మకూరు, నీకెందుకురా ఆ విమానం గొడవ అని మీ నాయన అన్నాడని రాశావు. ఆ మాట పట్టించుకోకు. ఆకాశంలోకి పోయినవాళ్లు తిరిగి రాకపోతే ఎట్లా ఉంటుందో ఆత్మకూరుకు కొంత తెలుసు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు నీ మొదటి వాక్యం. ‘ఆ రాత్రి కెప్టెన్ ఒక నిర్ణయానికి వచ్చాడు.’ బాగుంది. కథకైతే ఇంతకంటే మంచి ఎత్తుగడ దొరకదు. కానీ నువ్వు రాస్తున్నది కథ కాదు. విమానాన్ని కావాలనే ముంచాలని ఆయన నిర్ణయానికి వచ్చాడని నీకెవరు చెప్పారు? 2018 జులైలో మలేషియా దర్యాప్తు బృందం ఇచ్చిన తుది రిపోర్టు ఐదొందల పేజీలకు కాస్త తక్కువ. అంతా రాసి చివరికి వాళ్లు చెప్పింది, విమానం ఎందుకు కనిపించకుండా పోయిందో అసలు కారణం తేల్చలేకపోయామని. వెనక్కి తిరిగిన మలుపు ఎవరో చేత్తో తిప్పినట్టే ఉందన్నారు. మూడో మనిషి చెయ్యి లేదని కూడా చెప్పలేమన్నారు. నాలుగేళ్లు కూర్చున్నవాళ్లు ఆగిన చోట నువ్వు ఆరు మాటల్లో దాటేశావు.

నిన్ను అనే ముందు నా బాగోతం చెప్తాను. ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

2009 సెప్టెంబరు 2. అప్పుడు నేను ఒక పత్రికకు స్ట్రింగర్‌ని, అంటే ఊళ్లో ఉండి వార్తలు పంపే విలేకరిని. పొద్దున్నుంచి ముసురు. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు హెలికాప్టర్లో బయల్దేరారని, తొమ్మిదిన్నర ప్రాంతంలో సంబంధాలు తెగిపోయాయని మెల్లమెల్లగా తెలిసింది. ఇంక ఫోను ఆగలేదు. ‘నల్లమల పక్కనే ఉన్నావు, ఏదో ఒకటి చెప్పు’ అని డెస్కువాళ్లు. ఒకటే టెన్షన్. బస్టాండు దగ్గర టీ అంగడిలో ఒకాయన ‘యాడో పొలంలో దిగినాదంట, సారు బాగున్నాడంట’ అన్నాడు. నేను ఫోన్లో అదే చెప్పాను, ‘దిగిందంట’ అని. డెస్కులో రాసుకున్నవాడు ‘దిగినట్టు సమాచారం’ అని రాసుకున్నాడు. గంటన్నర తర్వాత ఒక చిన్న అధికారి నన్ను పక్కకు పిలిచి, ‘కన్ఫర్మ్ అయ్యింది, సురక్షితంగా దిగారు’ అన్నాడు. నా గుండె తేలికైంది. రెండు చోట్ల నుంచి వచ్చింది కదా, ఇంక నిజమే అనుకున్నాను. మీకెవరు చెప్పారు సార్ అంటే, ఎవరో పేపరాయన హైదరాబాదుకు చెప్పాడట, అక్కడి నుంచి వీళ్లకు తెలిసిందట. ఆ పేపరాయన నేనే. నా మాటే ఊరంతా తిరిగి, మధ్యలో ‘అంట’ను యాడో పారేసుకుని, నా చెవిలోకే వచ్చింది.

మర్నాడు పొద్దున మీ ఆత్మకూరు వైపు నల్లమలలో, పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. ముఖ్యమంత్రితో కలిపి ఐదుగురు. ఆ రాత్రంతా మా మాటలు నమ్మి సంబరపడినవాళ్ల మొహాలు నేను చూశాను. ఆ నెల తిరగగానే తుంగభద్ర పొంగి కర్నూలు మునిగింది, ఇంట్లోకి వచ్చిన నీళ్లలో నా డైరీలన్నీ పోయాయి. ఆ పేజీ మాత్రం పోయినా పోలేదు.

తెలుగు రాసేవాడికి దేవుడిచ్చిన వరం ఆ చిన్న ముక్క. పుస్తకాల్లో ‘అట’, మన సీమ నోట్లో ‘అంట’. కళ్లతో చూసిందానికీ చెవిన పడ్డదానికీ మధ్య గీత గీయడానికి ఇంగ్లిషువాడికి పెద్ద వాక్యం కావాలి, మనకు ఒక్క అక్షరం చాలు. పల్లెలో చదువురాని ముసలమ్మ కూడా ఆ గీత తప్పదు. ‘వాన కురిసింది’ అంటే తడిసి వచ్చిందని, ‘కురిసిందంట’ అంటే వినిందని. రాయడం నేర్చుకోగానే మనం చేసే మొదటి పని దాన్ని కొట్టేయడం. వాక్యం బరువుగా వినపడాలని.

నీ ఇరవై పేజీల్లో ఆ ముక్క ఒక్కచోట కూడా లేదు. అందుకే భయమేసింది.

ఆ విమానం గురించి యంత్రాలు పట్టుకున్నవి కొన్ని ఉన్నాయి. వాటికి ‘అంట’ అక్కర్లేదు. 2014 మార్చి 8, అర్ధరాత్రి దాటి 12:42కి లేచింది. బోయింగ్ 777, మొత్తం 239 మంది, అందులో ఐదుగురు మన దేశంవాళ్లు. 1:19కి ‘గుడ్ నైట్, మలేషియన్ త్రీ సెవెన్ జీరో’ అని చివరి మాట. రెండు నిమిషాల తర్వాత రాడార్ తెర మీద గుర్తు పోయింది. సైనిక రాడార్‌లో మాత్రం వెనక్కి తిరిగి మలేషియా మీదుగా పడమరకు పోవడం కనిపించింది, 2:22 దాకా.

ఆ తర్వాతది లెక్కగట్టినది. ఇక్కడ నువ్వు ‘ఉపగ్రహం విమానాన్ని చూసింది’ అని రాశావు. ఉపగ్రహం దేన్నీ చూడలేదు. గంటకోసారి ‘ఉన్నావా’ అని అడిగింది, విమానంలోని పెట్టె ‘ఉన్నా’ అంది. అంతే. ఆ జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది, ఏ దిక్కున ఉందో తెలియదు. నేను నీకు ఫోన్ చేసి ‘కొండారెడ్డి బురుజుకు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నా’ అన్నాననుకో. నువ్వు నన్ను ఎక్కడ వెతుకుతావు? బురుజు చుట్టూ పెద్ద సున్నా గీసుకుని, ఆ గీత మీద తిరగాలి. తుంగభద్ర అవతల కూడా పడుతుంది ఆ గీత. అట్లాంటివి ఏడు గీతలు దొరికాయి. రైలు మన వైపు వస్తుంటే కూత ఒక రకంగా, దాటిపోతుంటే ఇంకో రకంగా వినిపిస్తుంది కదా, అట్లాగే సంకేతాల్లో వచ్చిన తేడాను పట్టుకుని ఉత్తరానికి కాదు, దక్షిణానికే పోయిందని తేల్చారు. చివరి గీత పొద్దున 8:19ది. ఇంధనం అయిపోయే వేళ అది.

ఇంత తెలివిగా తీసిన లెక్కను ‘చూసింది’ అనే ఒక్క క్రియతో పాడు చేశావు. పైగా చూసి ఉంటే ఇన్నేళ్లు వెతకడం ఎందుకు? సముద్రం అడుగున 1,20,000 చదరపు కిలోమీటర్లు జల్లెడ పట్టి, 2017 జనవరిలో ఆపేశారు. మన రాయలసీమ పాత నాలుగు జిల్లాలూ కలిపితే 67 వేల పైచిలుకు. అంటే సీమంతా వెతికి, ఇంచుమించు ఇంకో సీమ వెతికినట్టు. అదీ కిలోమీటర్ల లోతు నీళ్ల కింద, చీకట్లో. నువ్వు ఈ అంకె ఇచ్చావు గానీ పక్కన మన కొలత పెట్టలేదు. చదివేవాడికి సున్నాలు కనపడతాయి, నేల కనపడదు.

ఇక కెప్టెన్ ఇంట్లో దొరికిన సిమ్యులేటర్, విమానం నడపడం కంప్యూటర్ మీద సాధన చేసే ఏర్పాటు. నీ వ్యాసమంతా దాని మీదే కట్టావు. అందులో దక్షిణ హిందూ మహాసముద్రం వైపు పోయే బిందువులు దొరికిన మాట నిజమే, రిపోర్టులోనే ఉంది. ఆయన తీరులో, మనసులో తేడా వచ్చినట్టు ఆధారం లేదన్నదీ అదే రిపోర్టు. నువ్వు మొదటిది ఎత్తుకుని రెండోది వదిలేశావు. రెండూ పక్కపక్కన పెట్టి చూడు, నీ వ్యాసం కూలిపోదు, నడక మాత్రం మారుతుంది. చచ్చిపోయినవాడు జవాబు చెప్పుకోలేడు. అతని ఇంటివాళ్లు చదువుతారు.

ఇది మలేషియా జబ్బు మాత్రమే కాదు. 2025లో అహ్మదాబాద్ ప్రమాదం మీద ప్రాథమిక నివేదిక వచ్చినప్పుడు, ఇంధనం ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగాడని, నేను ఆపలేదని ఇంకొకాయన అన్నాడని మాత్రమే ఉంది. ఏ మాట ఎవరిదో అందులో లేదు. రాత్రి చర్చల్లో కూర్చున్నవాళ్లకు అది తేల్చడానికి ఎంతసేపు పట్టింది? విమాన ప్రమాదాల దర్యాప్తుకు అంతర్జాతీయంగా పెట్టుకున్న నియమం ఒకటుంది. మళ్లీ జరగకుండా చూడడమే దర్యాప్తు పని, తప్పు ఎవరి నెత్తిన వేయాలో చెప్పడం కాదు. జనానికి కావలసింది రెండోది. గొడవంతా అక్కడే.

అట్లాగని జనాన్ని వెక్కిరించకు. నాలుగో పేజీలో ‘పుకార్లు నమ్మే మూఢులు’ అన్నావు, అది తీసెయ్. పుకారు ఎందుకు పుట్టిందో చూడు. సైనిక రాడార్ పడమరలో చూపిస్తే, మొదటి రోజుల్లో తూర్పున దక్షిణ చైనా సముద్రంలో వెతికారు. విమానం ఏదని వియత్నాంవాళ్లు 1:39కి అడిగితే, గాలింపు కేంద్రానికి కబురు పోయింది ఐదున్నరకు. మార్చి 24న ఎవరూ బతికి లేరన్న మాట కొంతమంది బంధువులకు ఎస్సెమ్మెస్‌లో వచ్చింది. ఎస్సెమ్మెస్, నాయనా! అట్లాంటి సర్కారు చెప్పేది నిజమని ఏ తల్లి నమ్ముతుంది? మన దగ్గర మాత్రం? రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్లో గేర్‌బాక్సు ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వస్తే పైలట్లు పుస్తకం చూసుకుంటూ కొన్ని నిమిషాలు అందులోనే మునిగిపోయారని, ఈలోపు క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘంలోకి వెళ్లిపోయారని విచారణ కమిటీ తేల్చింది. అయినా ఆయన్ని ఎవరో చంపించారన్న ఒక గాలివార్తను 2010 జనవరిలో టీవీలో చూసి జనం ఒక కంపెనీ అంగళ్ల మీద పడ్డారు. ఇప్పటికీ ఆ టీ అంగడిలో మేఘం మాటెత్తితే నవ్వుతారు. అంత పెద్ద మనిషిని మబ్బు చంపిందంటే మనసు ఒప్పదు. పెద్ద దుఃఖానికి పెద్ద కారణమే కావాలనిపిస్తుంది. నీ కెప్టెన్ కూడా అట్లా పుట్టినవాడే.

నన్నడిగితే, నీ వ్యాసానికి గుండెకాయ పదకొండో పేజీలో ఒక్క వాక్యంలో నలిగిపోయి ఉంది. బ్లాక్ బాక్సుల్లో ఒకదానికి నీళ్లలో చప్పుడు చేసే పరికరం ఉంటుంది. దాని బ్యాటరీ గడువు 2012 డిసెంబరులోనే తీరిపోయింది. విమానం పోయే నాటికి ఏడాది దాటింది. ఎందుకు మార్చలేదు? పాత పెట్టె తీసి కొత్తది బిగించినప్పుడు కంప్యూటర్లో నమోదు సరిగ్గా మార్చలేదు. అంతే. కుట్ర లేదు, సిమ్యులేటర్ లేదు. మన ఆఫీసుల్లో రోజూ జరిగే పనే. దాని మీద నాలుగు పేజీలు రాయి. ఆ పెట్టె బిగించిన రోజును, కంప్యూటర్లో ఖాళీగా మిగిలిన ఆ గడిని రాయి. నువ్వు రెవెన్యూ ఆఫీసులో పనిచేస్తున్నావు, ఎంట్రీ పడని కాగితం ఏం చేస్తుందో నీకంటే బాగా ఎవరు రాస్తారు?

మాటల దగ్గర ఇంకొకటి. ‘మాయమైంది’, ‘అదృశ్యమైంది’ అని నలభై సార్లు వాడావు. అవి గారడీవాడి మాటలు. ‘గల్లంతు’ అంటావా, దాన్ని మన పేపర్లవాళ్లు వాగులో కొట్టుకుపోయినవాళ్లకూ ఓటర్ల జాబితాకూ వాడి అరగదీశాం. ‘ఆచూకీ దొరకలేదు’ అని రాసి చూడు. అప్పుడు లోపం విమానంలో ఉండదు, వెతికే మనలో ఉంటుంది. 2016 జులైలో తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ పోతూ బంగాళాఖాతం మీద ఆచూకీ లేకుండా పోయిన మన వైమానిక దళం ఏఎన్-32లో 29 మంది. అందులో ఎనిమిది మంది విశాఖపట్నం ఉద్యోగులు. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాల ఫొటోలు దొరికాయని 2024 జనవరిలో చెప్పారు. ఏడున్నరేళ్లు. అన్నాళ్లు ఆ ఇళ్లలో ఏ మాట వాడి ఉంటారో ఆలోచించు. ‘మాయం’ అని మాత్రం అని ఉండరు.

‘ఇంక ఎప్పటికీ దొరకదు’ అన్న నీ ముగింపు కూడా కొట్టేశాను. 2015 జులైలో రీయూనియన్ దీవి ఒడ్డుకు రెక్క ముక్క కొట్టుకొచ్చింది. దొరికితేనే డబ్బులు, లేకపోతే రూపాయి వద్దు అన్న షరతు మీద 2025లో మళ్లీ ఒప్పందం జరిగింది, ఏడు కోట్ల డాలర్లకు. వెతికేవాళ్లు ఉండగా నువ్వు తలుపు మూయకు.

వచ్చే ఆదివారం పొద్దున్నే రా, ఉగ్గాని బజ్జీ చేయిస్తాను. నీ కాగితాలు ఇక్కడే ఉన్నాయి. ‘అంట’ ఉండాల్సిన చోటల్లా పెన్సిల్‌తో చుక్క పెట్టాను, 31 తేలాయి. తొందరలో నేనూ రెండు మూడు అనవసరంగా పెట్టి ఉంటాను. అవి ఏవో నువ్వు కనుక్కుని రావాలి.

ఆశీస్సులతో,
మీ సారు